ఆత్మారాముడు

పంజాగుట్టలో మా ల్యాబు నాలుగో అంతస్తు.
అక్కడ ఆత్మారాముణ్ణి
మైనస్ ఎనభై డిగ్రీల్లో దాస్తాం.

నవ్వకండి.
పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన మనిషి
మోచేతి మడతలోంచి
ఊదారంగు మూత గొట్టంలోకి తీస్తాను.
వెంటనే ఐసులో గుచ్చాలి,
లేదంటే దారిలోనే ఆనవాలు లేకుండా పోతాడు.
మా అమ్మ నోట ఉన్నన్నాళ్ళూ ఆయనకు నంబరు లేదు.
ఇక్కడి కాగితాల్లో పేరు గ్రెలిన్.
కాపురం ఖాళీ పొట్ట పైకప్పు కింద,
ఉద్యోగం తలుపు కొట్టడం.

రక్తం తీశాక రెండు ఇడ్లీలు, చెంచా నెయ్యి తూచి పెడతాం.
పదిహేను, ముప్పై, అరవై:
గడియారం చూసి మళ్ళీ మళ్ళీ గుచ్చుతాను.
నెయ్యి తగలగానే చిన్నపేగు మొదటి మలుపులో ఒకరు లేచి
మెల్లగా, మెల్లగా అంటారు.
ఇంకా కింద, పేగు చివరి వీధుల్లో
మరో ఇద్దరు, నింపాది మనుషులు,
అన్నం వచ్చిన కబురు చెవిన పడితేగాని కదలరు.
అందరి చీటీలూ కలిసి తలకు చేరేసరికి
ఇరవై నిమిషాలు.
అంటే సాయంత్రం పూట
పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ సిగ్నల్ దాకా.

డ్యూటీ దిగి చిక్కడపల్లి వస్తాను.
లైబ్రరీ సందు మొగదల, మెట్రో స్తంభం పక్కన
అండాలక్క జొన్నరొట్టెల బండి.
రెండు రొట్టెలు, పాలకూర పప్పు, ఎల్లిగడ్డ కారం.
మూడోది అడిగితే ఇవ్వదు.
"జర ఆగు. ఆడ కూసో.
గా రెండు కిందికి దిగనియ్యి.
అప్పటికీ గావాల్నంటే అడుగు."

బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుంటాను.
నెత్తి మీంచి ఎంజీబీఎస్ వైపు ఒక రైలు, తర్వాత ఇంకొకటి.
మూడోది పోయేసరికి
నా లోపలి నింపాది మనుషుల చీటీ అందుతుంది.
డబ్బులిచ్చి లేస్తాను.
తన బేరం తనే చెడగొట్టుకునే మనిషిని
ఈ ఊళ్ళో ఇంకెక్కడా చూడలేదు.

ఒకరోజు అడిగాను,
నువ్వెప్పుడు తింటావక్కా?
"పదకొండున్నరకు. పొయ్యి సల్లారినంక."
మరి ఆకలో?
"వస్తది. ఏడు గొట్టంగ వస్తది రోజు.
చేతులకు పిండి ఉంటది,
ముంగట పదిమంది నిలవడి ఉంటరు.
చూస్తది, చూస్తది,
ఎవ్వలు పలకకపోతే అదే పోతది."
పెనం మీద రొట్టె తిప్పింది.
"సచ్చిందనుకుంటం గని, సావది.
రేపు మళ్ల ఏడింటికి."

నా చేతిలో ముక్క ఆగిపోయింది.
మనుషుల్ని పస్తుంచి మేం గీసిన గీత అది.
అలవాటైన వేళకు గుట్టలా లేచి,
ఏమీ పెట్టకపోయినా
కాసేపటికి దానంతటదే దిగిపోయే గీత.
ఆ ఒక్క ముక్క రాబట్టడానికి మాకు
ఎనిమిది మంది, రెండు రాత్రులు, ఒక ఫ్రీజరు.

తర్వాతి వారం, వాన వెలిసిన రాత్రి,
ఒక కుర్రాడు వచ్చాడు.
అచ్చంపేట దిక్కు యాస,
చంకలో పాలిథిన్ కవర్లో చుట్టిన గ్రూప్-టూ పుస్తకం,
చెప్పుల్లో నీళ్ళు.
రెండు తిన్నాడు.
మూడోది అడగలేదు, పెనం వైపు చూశాడంతే.
అక్క వేసేసింది.
నాలుగోదీ వేసింది.
ఐదోది వేస్తూ, కారం ఇంకాస్త పక్కన పెట్టింది.

ఏమక్కా, అతన్ని ఆగుమనవా?
డబ్బా మీద నుంచే అడిగాను,
కొంచెం ఉక్రోషంగానే.
ఆమె నా వైపు తిరగలేదు.
"నీది ఇయ్యాల్టి ఆకలి.
గా పోరనిది మొన్నటిది."

ఇవాళ పొద్దున
కొత్త గొట్టాలకు చీటీలు అంటిస్తున్నాను.
నంబరు. తేదీ.
చివరిసారి తిన్నది ఎప్పుడు: గంటలు, నిమిషాలు.
మొన్నటికి గడి లేదు.
అంచున పెన్నుతో ఒకటి గీయబోయి
ఏమని రాయాలో తెలియక ఆగాను.

పదిహేడో నంబరు మనిషి లోపలికొచ్చి
చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు.
రాత్రి ఏం తిన్నారు? అన్నాను.
ఫారంలో రోజూ ఉండే ప్రశ్నే.
అతను చెప్పేదాకా
సూది ముట్టలేదు.